సొరుగు గది కోసం సింగపూరు దాకా

"వెల్డింగ్ పెట్టించేసెయ్ వదినా, పీడా పోతుంది" అన్నాడు మా మరిది వెంకట్రావు. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నేను కాఫీ కలుపుతున్నాను. రెండోసారి అనేటప్పటికి పాస్‌పోర్టు ఫొటో దిగి వచ్చేశాను.

మాది తణుకు. నేనూ మా ఆయన సత్యనారాయణ గారూ చాలా ఏళ్ళు టెంట్ హౌస్ నడిపాం. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా మా షామియానాలే, మా కుర్చీలే, మా గంగాళాలే. ఒక వానాకాలం పందిరి రాట మీద నుంచి జారిపడి మా ఆయన నడుము దెబ్బతింది. అప్పటినుంచీ చక్రాల కుర్చీ. సామాన్లు మోసే వ్యాను అమ్మెయ్యమని అందరూ చెప్పారు. అమ్మలేదు. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, అదే వ్యానుని విజయవాడ ఆటోనగర్‌లో, సినిమావాళ్ళకి కారవాన్లు కట్టే మేస్త్రీ చేత ఇల్లుగా కట్టించాను. ఊళ్ళు తిరగడానికి. నడుము పోతే కళ్ళు కూడా పోవాలా?

వ్యానులో మంచమూ స్టవ్వూ పెట్టాక కుర్చీ తిరగడానికి చోటు మిగల్లేదు. అందుకని పక్క గోడలో ఒక చిన్న గది పెట్టించాం. బండి నడుస్తున్నంతసేపూ లోపలికి ముడుచుకుని ఉంటుంది. ఆపాక స్విచ్చి నొక్కితే బీరువా సొరుగులా బయటికి వస్తుంది. ఇంగ్లీషులో స్లైడవుట్ అంటారట. మేం సొరుగు గది అన్నాం. అది బయటికొస్తే మా ఆయన కుర్చీ లోపల గుండ్రంగా తిరుగుతుంది. రాకపోతే ఆయన్ని వెనక్కి ఈడ్చుకుంటూ దింపాలి.

అరకు వెళ్ళొచ్చాం. శ్రీశైలం వెళ్ళొచ్చాం. తర్వాత ఒకరోజు ఆ గది కరకరమని అరిచి లోపలే ఉండిపోయింది. తణుకులో ముగ్గురు మెకానిక్కులు చూశారు. ముగ్గురూ మరిది మాటే చెప్పారు. అందరికంటే నన్ను బాధపెట్టింది మా ఆయన. "అమ్మేద్దాంలే కామూ" అని గోడవైపు తిరిగిపోయారు.

అప్పుడు మా మేనకోడలు సౌమ్య సింగపూరు నుంచి ఫోన్ చేసింది. "అత్తా, ఇక్కడ సముద్రం పక్కన కారవాన్లలో ఉండనిస్తారు. వాటిల్లో ఒకదానికి మీలాంటి గదే ఉంది. వచ్చి చూస్తారా?"

"వెల్డింగ్ కొట్టు మన సందు చివరే ఉంటే, దానికి సింగపూరా వదినా?" అన్నాడు మరిది.

"అవునయ్యా, సింగపూరే" అన్నాను.

సెంగ్‌కాంగ్

సౌమ్య వాళ్ళ ఫ్లాటు సెంగ్‌కాంగ్‌లో. పొద్దున్నే బాల్కనీలోంచి చూస్తే చిన్న రైలు పిల్లల బొమ్మలాగా ఇళ్ళ మధ్య నుంచి వంపులు తిరుగుతూ పోతుంటుంది. అందులో ఎక్కాలంటే మా తణుకు స్టేషన్‌లోలాగా నలుగుర్ని బతిమాలాలేమోనని నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని సిద్ధమయ్యాను. అవసరం పడలేదు. ఫ్లాటు గుమ్మం నుంచి రైలు పెట్టె దాకా మా ఆయన ఒక్కరే చక్రాలు తోసుకుంటూ వెళ్ళారు. లిఫ్టు, నున్నటి దారి, మళ్ళీ లిఫ్టు. నేను చేతులూపుకుంటూ వెనకాల నడిచాను. ఏం చెయ్యాలో తోచక ఆయన చేతి సంచీ నేను పట్టుకున్నాను.

బస్సు ఇంకా విచిత్రం. డ్రైవరు నా వయసు ఆడమనిషి, చైనా ముఖం. మమ్మల్ని చూడగానే ఇంజను ఆపకుండా దిగివచ్చి, గుమ్మం దగ్గర మడతపెట్టి ఉన్న పలక లేపి ఫుట్‌పాత్ మీదకి వాల్చింది. మా ఆయన్ని ఎక్కించి, ఎక్కడ దిగుతారో అడిగి, వెళ్ళి మళ్ళీ తన సీట్లో కూర్చుంది. అంతసేపూ బస్సు నిండా జనం ఫోన్లు చూసుకుంటూ ఊరుకున్నారు.

"వీళ్ళకి మనమీద విసుగు రాలేదేంటే?" అన్నారు మా ఆయన రహస్యంగా.

"ఎందుకు రావాలండీ? మన చార్జీ మనం కట్టాంగా."

మా ఊరి బస్సు కాంప్లెక్సులో ఒక కండక్టరు "ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టచ్చు కదమ్మా" అన్నది నాకు గుర్తుంది. ఆయనకీ గుర్తుండే ఉంటుంది.

ఇంట్లో సౌమ్య గోంగూర పప్పు చేసింది. లిటిల్ ఇండియాలో ఆ గోంగూర కట్ట ధర విన్నాక మెతుకు కూడా వదలకుండా తిన్నాను. ఆ డబ్బుకి తణుకులో గేదె కూడా తిని మిగల్చేంత కూర వస్తుంది. సౌమ్య కూతురు ఇందుకి పదకొండేళ్ళు. మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. "తాతయ్య ఒక్కరే కిందికి వెళ్ళగలరా?" అని అడిగితే, "కెన్ లా, అమ్మమ్మా" అని, వెళ్ళగలరులే అని ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో చెప్పి, ఆయన వెంట పడకుండా తన పుస్తకంలో తాను మునిగిపోయింది. ఆ నిర్లక్ష్యం ఎందుకో నాకు చాలా బాగుంది.

సముద్రం ఒడ్డు

మూడోరోజు సౌమ్యా ఇందూ తోడురాగా తూర్పు ఒడ్డున కారవాన్లు పెట్టిన చోటికి వెళ్ళాం. కొబ్బరిచెట్లు, పచ్చగడ్డి, ఆవల వరసగా లంగరేసిన ఓడలు. మేనేజరు కుర్రాడు మర్యాదస్తుడు. మాకిచ్చిన బండి తెల్లగా, మా వ్యానుకి రెండింతలుంది. ఎక్కడానికి వాలుబల్ల కూడా పెట్టాడు. అతను స్విచ్చి నొక్కగానే పక్క గోడ కదిలి, పెద్దమనిషి సోఫాలోంచి లేచినట్టు నిదానంగా బయటికొచ్చి ఆగింది.

మా ఆయన కుర్చీ తోసుకుంటూ ఆ గది మధ్యలోకి వెళ్ళి ఒక చుట్టు తిరిగారు. కుడివైపు. మళ్ళీ ఎడమవైపు. తర్వాత ఊరికే ఇంకోసారి. మా వ్యానులో గది బిగుసుకుపోయిన తర్వాత ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. నేను చాప కింద, రబ్బరు అంచుల కింద తొంగిచూశాను. ఎక్కడా గ్రీజు లేదు. మా వ్యానులో అయితే మెకానిక్కు గ్రీజుని వెన్నముద్దలా పట్టించాడు.

సాయంత్రం దగ్గర్లో ఉన్న హాకర్ సెంటర్‌కి తినడానికి వెళ్ళాం. ఒకే కప్పు కింద ఇరవై ముప్ఫై కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఖాళీ బల్ల దొరికింది. దానిమీద ఎవరో టిష్యూ పొట్లం మర్చిపోయారు. ఎంత మంచి ఊరు అనుకుని, దాన్ని చించి మా ఆయన చేతులు తుడిచాను, బల్ల తుడిచాను, నా ముక్కు కూడా తుడుచుకున్నాను. ఇంతలో రెండు పళ్ళేలతో ఎవరో దంపతులు వచ్చి మా ముందు నిలబడి మర్యాదగా చూడసాగారు. సౌమ్య పరుగున వచ్చి నెత్తి కొట్టుకుంది. "అత్తా, అది చోప్!" బల్ల మాది అని చెప్పడానికి టిష్యూ పొట్లం పెట్టి వెళ్తారట. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టే. తువ్వాలైతే నాకు అర్థమయ్యేది. నేను లేవబోతుంటే ఆ భార్య నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. అందరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. వాళ్ళు మాకు కాల్చిన టేకు చేప రుచి చూపించారు. ఆకులో చుట్టి, పైన సంబల్ అనే ఎర్రటి కారం ముద్ద పూసి కాల్చింది. మా ఆయన మా గోదావరి పులసని తలుచుకోకుండా తిన్నారు, అది చిన్న విషయం కాదు.

సుమత్రా గాలి

మర్నాడు పొద్దున్నే ఆకాశం నల్లబడింది. సుమత్రా వైపు నుంచి వచ్చే గాలివాన అట, గంటలో వచ్చి గంటలో పోతుంది. వాన కోటు వేసుకుని మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. గాలి గట్టిగా వీస్తే గదిని లోపలికి లాగెయ్యాలని వాళ్ళ నియమం. మమ్మల్ని పక్కకి ఉండమని స్విచ్చి నొక్కాడు.

ఒక పక్క వచ్చింది. రెండో పక్క రాలేదు. గది వంకరగా, తలుపు సందులో ఇరుక్కున్న సొరుగులా మధ్యలో బిగుసుకుపోయింది. టప్పుమని ఏదో విరిగిన శబ్దం. రబ్బరు అంచు మడతపడి, వాన నీళ్ళు పరుపు మీదకి ధార కట్టాయి.

మేనేజరు మొహం పాలిపోయింది. పాపం, అతనికీ పైన ఎవరో ఉంటారు. గొడుగు పట్టి మమ్మల్ని తన ఆఫీసు గుడిసెలోకి తీసుకెళ్ళి, ఫోన్లో మాట్లాడి వచ్చి చెప్పాడు. నా ఇంగ్లీషు టెంట్ హౌస్ ఇంగ్లీషు. అడ్వాన్సు, డ్యామేజి, రిటర్ను దాటి ఎక్కువ పోదు. అయినా అతను చెప్పింది పూర్తిగా అర్థమైంది. కుర్చీ బరువు వల్ల గది ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఇకమీదట ఆ గది మూసే ఉంచుతారు. చక్రాల కుర్చీ వాళ్ళకి కారవాన్ ఇవ్వరు. మమ్మల్ని ఒక హోటలుకి మారుస్తారు.

మా ఆయన తల దించుకున్నారు. "వెళ్ళిపోదాం కామూ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్న రాత్రి సౌమ్యా ఇందూ ఇంటికెళ్ళేదాకా ఈ గదిలోనే నలుగురం కూర్చుని పేకాడాం. అప్పుడు ఒరగని గది, ఖాళీగా ఉన్నప్పుడు ఒరిగిందా?" అని తెలుగులోనే అడిగాను. అతనికి అర్థం కాలేదు. వాన తగ్గగానే వెళ్ళి ఆ కారవాన్ వాలుబల్ల మీద కూర్చున్నాను. "రిపేర్ మ్యాన్ కమ్. దెన్ వి గో" అన్నాను. "ఫస్ట్ సీ. దెన్ బ్లేమ్."

"మేడమ్, ప్లీజ్" అన్నాడు.

"నో ప్లీజ్" అన్నాను.

మా ఆయన కుర్చీ తోసుకుంటూ వచ్చి నా పక్కన ఆగారు. బ్రేకు వేసుకున్నారు.

మధ్యాహ్నానికి ఒక చిన్న లారీ వచ్చింది. దిగినావిడకి డెబ్భై ఉంటాయి. పొట్టి జుట్టు, ప్యాంటు, మెడలో పసుపుతాడు. వెంట నలభై ఏళ్ళ మనిషి. అతను వంకరగా ఉన్న గదిని చూడగానే "ఓర్నీ, గిట్లెట్లయింది ర బై" అన్నాడు.

"తెలుగా?" అని మా ఆయన కుర్చీలోంచి లేచినంత పనిచేశారు.

అతను రాజన్న, నిజామాబాద్ దగ్గర పల్లె. ఆవిడ నరసమ్మ ఆంటీ, జురాంగ్ వెస్ట్‌లో వర్క్‌షాపు ఆవిడదే. మలేషియాలో కొబ్బరితోటల ఊళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చింది. ఆవిడ తెలుగులో మా నాయనమ్మ వాడిన మాటలుంటాయి, మధ్యమధ్య అరవం, మలాయీ.

ఆంటీ గది వైపు చూడనేలేదు. బండి చుట్టూ ఒకసారి నడిచింది. కింద నాలుగు మూలలా బండిని నిలబెట్టే ఇనపకాళ్ళు ఉన్నాయి. వెనక ఎడమ కాలు వానకి తడిసిన ఇసకలోకి దిగబడిపోయింది. ఆవిడ బూటుతో దాన్ని తన్ని చూపించింది.

"కుర్చీ కాదు. నేల. కాలు దిగితే చట్రం మెలితిరుగుతాది. చట్రం మెలితిరిగితే గది ఒక పక్క ఈడుస్తాది. పిన్ను పుటుక్కు. అంతే లా."

ఇంగ్లీషులో మేనేజరుకీ అదే చెప్పింది. అతను నిజంగానే గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. ఫోన్లో తనకి ఆ మాట చెప్పిన పైవాళ్ళకి దిగబడిన కాలు ఫోటో తీసి పంపాడు. మాకు రెండు కోపీలు, అంటే కాఫీలే, తెచ్చిచ్చి, "సారీ అంకుల్" అని మా ఆయనకే చెప్పాడు, నాకు కాదు. అది నాకు నచ్చింది.

వాళ్ళిద్దరూ కాలు కింద పలకలు వేసి బండిని సమం చేశారు. గది కింద రెండు పక్కలా పళ్ళున్న పట్టీలుంటాయి, వాటిమీద చెరో పళ్ళచక్రం నడుస్తుంది. చక్రాన్ని ఇరుసుకి కట్టి ఉంచేది వేలెడు పిన్ను. ఒక పక్క పిన్ను విరిగింది. కొత్తది వేసి, రెండు పక్కలూ ఒకే చోట నుంచి మొదలయ్యేలా సరిచేసి స్విచ్చి నొక్కితే గది ఏమీ జరగనట్టు బయటికొచ్చింది.

"అంత చిన్న పిన్నా? గట్టిది వెయ్యచ్చుగా?" అన్నాను.

ఆంటీ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "అది విరగడానికే పెట్టింది. విరగాల్సింది విరక్కపోతే, విరక్కూడనిది విరుగుతాది."

అప్పుడు గుర్తొచ్చింది. మా తణుకు మెకానిక్కు మొదటిసారి పిన్ను విరిగినప్పుడు దాని బదులు లావుపాటి బోల్టు బిగించాడు. "ఇక జన్మలో విరగదమ్మా" అని కూడా అన్నాడు. ఫోన్లో ఉన్న మా వ్యాను ఫోటోలు తెరిచి ఆంటీ చేతికిచ్చాను. ఆవిడ పెద్దది చేసి చూసి పెదవి విరిచింది.

"చంపేసినారు. చక్రం పళ్ళన్నీ పోయినాయి. గ్రీజులో దుమ్ము పడి ఆకురాయి అయిపోయింది. ఇట్లాంటి చక్రం ఇప్పుడు ఎవరూ చెయ్యరు. లోపలికి తోసి వెల్డ్ చేసెయ్."

సముద్రం దాటి వచ్చి కూడా అదే మాట.

"వెల్డ్ చెయ్యమనేవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారండీ" అన్నాను. "ఈ మాట వినడానికి నేను సింగపూరు రాలేదు."

రాజన్న పానాలు సర్దుకోసాగాడు. ఆంటీ చేతులు తుడుచుకుని, "సరి సరి. రేపు షాపుకి రా. పాత ఇనుములో నీ బాధ నువ్వు పడు" అంది.

జురాంగ్ వెస్ట్

రైల్లో పడమటికి పోతుంటే ఇళ్ళు అయిపోయి షెడ్లు మొదలవుతాయి. బస్టాపులో మన కుర్రాళ్ళే, హెల్మెట్లు చంకలో పెట్టుకుని శ్రీకాకుళం యాసలో కబుర్లాడుకుంటున్నారు. ఆంటీ వర్క్‌షాపు లోపల ఒక పెద్ద బస్సు స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. ఊరూరా తిరిగి వైద్యపరీక్షలు చేసే బస్సు. దానికీ సొరుగు గదే. వెనకాల షెడ్డులో ఇనప తొట్లు, వాటి నిండా తీసేసిన సామాన్లు. నేను చీర దోపి, చేతికి గుడ్డ చుట్టుకుని మొదటి తొట్టిలో చెయ్యి పెట్టాను.

ఏది మాదో ఎలా తెలుస్తుంది? ఫోటోలో కనిపించేది అరిగిన ముద్ద. పొద్దంతా వెతికాను. పెద్దవి, చిన్నవి, తుప్పువి. గోళ్ళ నిండా నలుపు.

అప్పుడే మరిది ఫోన్. స్పీకర్లో పెట్టాను, చేతులు బాగాలేక. "వదినా, శుభవార్త. పార్టీ దొరికాడు. టిఫిన్ బండికి కావాలట. గది మూసేసి ఇస్తే తీసుకుంటాడు. ఆదివారం వెల్డరుని రమ్మన్నాను."

"నా బండి మీద చెయ్యి పడితే ఊరుకోను వెంకట్రావ్."

"అన్నయ్యకి ఇష్టమే వదినా. అన్నయ్యే చెప్పాడు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఆయన చూపు ఆ పెద్ద బస్సు కింద ఉంది. రాజన్న నాలుగు చిన్న చక్రాలున్న పలక మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళతో తన్నుకుంటూ బస్సు కిందికి జారిపోయాడు. కాసేపటికి చేత్తో స్టాండుని నెట్టుకుని బయటికొచ్చాడు. మళ్ళీ లోపలికి.

"రాజన్నా" అన్నారు మా ఆయన. "ఆ పలక నాకోసారి ఇస్తావా?"

"ఏంది సార్?"

"కింద ఆ చక్రం ఎలా కూర్చుందో చూడాలి. ఆవిడ వెతికేది దాన్నే. చేత్తో పట్టుకుంటే గాని కొలత తెలీదు."

రాజన్న ఆంటీ వైపు చూశాడు. ఆంటీ కస్సుమంది. "బోలే కాదు! కుదరదు! బయటి మనిషి నా బండి కింద పోతే ఎవరు జవాబు చెప్పేది? రూలు రూలే."

"పందిళ్ళు వేసేవాణ్ణమ్మా నేను" అన్నారాయన, గొంతు పెంచకుండా. "పడితే ఏమవుతుందో నాకంటే తెలిసినవాడు ఇక్కడ లేడు. స్టాండ్లు నిక్కచ్చిగా ఉన్నాయి, పొద్దుటినుంచీ చూస్తున్నాను. అడ్డుకర్రలున్నాయి. కరెంటు తీసే ఉంది. ఇంకేం కావాలో చెప్పు, చేస్తాను. వద్దని మాత్రం చెప్పకు. వద్దు అనే మాట చాలా విన్నాను."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఆంటీ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. తర్వాత గోడకున్న హెల్మెట్ తీసి ఆయన తలమీద తనే పెట్టి బిగించింది. "నేను టీ తాగడానికి పోతున్నాను. వచ్చేటప్పటికి బండి కింద ఎవరూ ఉండకూడదు" అంది. టీ కొట్టు ఎదురుగానే ఉంది. మా వైపు వీపు పెట్టి కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యాక ఇంకోటి తెప్పించుకుంది.

రాజన్నా నేనూ ఆయన్ని పలక మీదకి దించాం. మోకాళ్ళ దగ్గర గుడ్డతో కట్టాం, కాళ్ళు జారకుండా. ఆయన రెండు చేతులతో బస్సు చట్రం పట్టుకుని ఒక్క లాగు లాగారు. సర్రున లోపలికి వెళ్ళిపోయారు. పక్కనే రాజన్న ఇంకో పలక మీద వెళ్ళాడు. బయటికి రెండు జతల కాళ్ళు కనిపిస్తున్నాయి. ఎవరివి నడిచే కాళ్ళో ఎవరివి కావో ఆ క్షణాన తెలియట్లేదు.

లోపల్నుంచి ఆయన గొంతు. "కామూ! ఇక్కడ అందరూ పడుకునే పని చేస్తారే!"

తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను.

"వింటున్నావా? పన్నుకీ పన్నుకీ మధ్య నా బొటనవేలి గోరంత ఎడం. వెడల్పు రూపాయి బిళ్ళ కంటే కొంచెం ఎక్కువ. పళ్ళ అంచు గుండ్రం, పదును కాదు. అలాంటిది చూడు."

ఆయన బొటనవేలి గోరు నాకు తెలియకపోవడమేమిటి, నెలకి రెండుసార్లు కత్తిరించేదాన్ని నేనే. మూడో తొట్టి అడుగున దొరికింది. ఒకటి కాదు, జత. పాడైన బస్సులోంచి తీసినవట. మధ్య రంధ్రం మా ఇరుసు కంటే చిన్నది, అంతే. "తణుకులో లేతు మెషిన్ మీద పెద్దది చేయించుకోవచ్చు" అన్నారు ఆయన, బయటికొచ్చాక. వీపంతా మురికి, మొహమంతా మురికి. నేను తుడవబోతే తల పక్కకి తిప్పేశారు. "ఉండనీ."

వెంటనే ఫోన్ తీసి మరిదికి చేశారు. "వెంకట్రావ్, వెల్డరుని రావద్దని చెప్పు. ... అవును, అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను." పెట్టేశారు.

సాయంత్రం దాకా రాజన్న మాకు పాఠం చెప్పాడు. "అమ్మా, రబ్బరు అంచులు తడిబట్టతోటి తుడువాలె. ఎండకు పగుల్తయి, సిలికాన్ స్ప్రే కొట్టాలె. పండ్లకు గ్రీజు బిల్కుల్ పెట్టొద్దు. గది లోపలికి గుంజేముందు పైకెక్కి ఆకులు ఊడ్వాలె. అన్నిటికంటె ముంగట బండి సమంగ ఉన్నదా చూస్కోవాలె." మధ్యలో అతనికీ పొరపాటు దొర్లింది. స్ప్రే అనుకుని రంగు డబ్బా నొక్కి బస్సు అంచు ఎర్రగా చేశాడు. ఆంటీ అరవంలో తిట్టిన తిట్లు మాకు అర్థం కాలేదు, అతనికి అయ్యాయి.

బుకిట్ పంజాంగ్

చక్రాల జత ధర అడిగితే ఆంటీ "ఇంటికొచ్చి తిని పో" అంది. వాళ్ళ ఫ్లాటు బుకిట్ పంజాంగ్‌లో. మెట్ట ప్రాంతం, పచ్చటి గుట్ట పక్కన. గుమ్మానికి మామిడాకులు, అవి ప్లాస్టిక్‌వి. "నిజంవి ఎండిపోతాయి, కూతురు పారేస్తాది" అంది. పులిహోర పెట్టింది, వేపుడు రొయ్యల్లో ఎండురొయ్యల ముద్ద, బెలచాన్ అంటారు, దంచి వేసింది. వాసనకి మా ఆయన మొదట వెనక్కి జరిగారు. తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నారు. తినండి తినండి అని మలాయీలో "మకాన్, మకాన్" అంటూ ఆవిడ వడ్డిస్తూనే ఉంది.

"మీరు కూడా వెల్డ్ చెయ్యమన్నారుగా ఆంటీ" అన్నాను నేను.

"మళ్ళీ అడిగినా అదే చెప్తాను. ఈ గదులు పెద్ద తలనొప్పి. ఏడాదికోసారి ఏదో ఒకటి పోతాది." గరిటె కింద పెట్టింది. "ఆయన అంతసేపు బండి కింద ఏం చేసినాడు?"

"మీరు చూడలేదుగా" అన్నారు మా ఆయన.

"లేదు. చూడలేదు" అంది ఆంటీ, ఆయన విస్తట్లో ఇంకో గరిటె వేస్తూ. ఆవిడ ఎన్నడూ ఆంధ్రా రాలేదట. తాత పుట్టిన ఊరి పేరు మాత్రం తెలుసు, ఏ జిల్లాయో తెలియదు. రమ్మన్నాను. "బండి నడిస్తే వస్తాను" అంది.

ఛాంగీ

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర నా చేతిసంచీ ఆపేశారు. తెరమీద రెండు నల్లటి పళ్ళచక్రాలు భయంకరంగా కనిపిస్తున్నాయి. యూనిఫారంలో ఉన్న పిల్ల అవి పైకి తీసి, ఏమిటివి అని అడిగింది. నేను మాటలు వెతుక్కుంటుండగా మా ఆయన "అవర్ రూమ్" అన్నారు. ఆ పిల్ల చక్రాల వైపు, మా వైపు మార్చిమార్చి చూసింది. మొత్తానికి వాటిని విమానం అడుగున వేసే సామాన్లలో వేయించాం. విమానం ఎక్కేదాకా ఆ పిల్ల మా వైపే చూస్తూ ఉందని నా అనుమానం.

తణుకు

వచ్చిన మర్నాడే లేతు కొట్టుకి వెళ్ళాను. షామియానా బల్ల చెక్క ఒకటి కోయించి, కింద చక్రాలు కొట్టించాను. మా ఆయన దానిమీద పడుకుని వ్యాను కిందికి వెళ్ళారు. పాత గ్రీజు గీకడానికే రెండు పూటలు పట్టింది. పందిళ్ళకి వాడే నీళ్ళ గొట్టంతో నాలుగు మూలలా సమం చూశాం. లావు బోల్టు తీసి పిన్ను వేశాం. మొదటిసారి స్విచ్చి నొక్కగానే పిన్ను విరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశాం. విరగాల్సిందే విరిగింది! రెండోది వేశాం. అదీ విరిగింది. అప్పుడు నవ్వలేదు. ఒక పట్టీ వంగి ఉందని కనిపెట్టడానికి ఇంకో రోజు, తిన్నగా కొట్టించడానికి ఇంకో రోజు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న మరిది వచ్చాడు, టిఫిన్ బండి మనిషిని వెంటబెట్టుకుని. వద్దని చెప్పినా వచ్చాడు. వ్యానుకీ ప్రహరీ గోడకీ మధ్య నిలబడి ఇద్దరూ బండి చుట్టూ తట్టి చూస్తున్నారు. "ఇదేనండీ ఆ గది. మూసెయ్యడమే తరువాయి" అంటున్నాడు మరిది.

వ్యాను కింద నుంచి చెక్క సర్రున బయటికొచ్చింది. మా ఆయన మురికి మొహంతో ఇద్దరినీ కిందనుంచి చూశారు. మరిది అదిరిపడ్డాడు. నేను చంకల కింద చేతులు వేసి ఆయన్ని కుర్చీలోకి ఎక్కించాను. మరిది సాయం రాబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"కామూ, నొక్కు" అన్నారు.

నొక్కాను. లోపల మోటారు మూలిగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గోడ కదిలింది. కిర్రుమంటూ, పై అంచున కొంచెం వణుకుతూ, రెండు పక్కలా సమంగా బయటికి రాసాగింది. టిఫిన్ బండి మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. మరిది ఇంకో అడుగు వేశాడు. గది వస్తూనే ఉంది. ఇద్దరి వీపులూ ప్రహరీ గోడకి ఆనుకున్నాయి.

"పక్కకి జరగండయ్యా" అన్నారు మా ఆయన. "ఇంకా జానెడు రావాలి."